ఇంటింటి ఆదరణ: తెలుగు ప్రాంతాల్లో సంగీత పోషణ చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రాజాస్థానాలకు వెలుపల సంగీతకారులను సామాన్య గృహస్థులు ఏయే విధాలుగా పోషించారో వివరించగలుగుతారు.
• వారాలు, మధుకరం, మేజువాణి, మిరాసీ అనే పదాలను చారిత్రక సందర్భంతో నిర్వచించగలుగుతారు.
• 19వ శతాబ్ది చివరి నుంచి ఇంటి కచేరీ స్థానంలోకి గానసభ ఎలా వచ్చిందో, అందుకు కారణాలేమిటో చెప్పగలుగుతారు.
• ఇంటి ఆదరణ వల్ల ఎవరికి మేలు జరిగిందో, ఎవరికి తలుపు మూసుకుపోయిందో చర్చించగలుగుతారు.

1. పరిచయం

సంగీత చరిత్ర అనగానే మనకు మొదట రాజాస్థానాలు గుర్తుకు వస్తాయి. తంజావూరు నాయకరాజులు, మరాఠా రాజులు, ఆ తరువాత విజయనగరం, పిఠాపురం, బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాధీశులు చేసిన కళాపోషణ గురించి పుస్తకాల్లో చదువుతాం. ఆస్థాన విద్వాంసుల పేర్లు, వారు పొందిన బిరుదులు, సన్మానాలు మనకు తెలుసు. అయితే ఎంత గొప్ప ఆస్థానమైనా పోషించగలిగింది కొద్దిమందినే. ఆస్థానం గడప తొక్కని వందలాది గాయకులు, వైణికులు, హరిదాసులు, సన్నాయి విద్వాంసులు, కథకులు ఏం తిని బతికారు? వారి శిష్యులు ఎవరింట్లో పడుకున్నారు? వారి పాట ఎవరు విన్నారు?

ఈ ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఇళ్లలో దొరుకుతుంది. భోజనం పెట్టిన ఇల్లు, పెళ్లికి పాట పెట్టించిన ఇల్లు, ముంగిట్లో కథ చెప్పించుకున్న ఇల్లు, నెలకింత చందా వేసి వీధిలో పందిరి వేయించిన ఇల్లు. ఇవన్నీ కలిసి ఒక పోషణ వ్యవస్థగా పనిచేశాయి. దానికి శాసనాలు లేవు, దస్తావేజులు తక్కువ. అందుకే చరిత్ర రచనలో దానికి దక్కిన చోటు కూడా తక్కువ.

ఈ పాఠం ప్రధానంగా ఒక విషయాన్ని నిరూపించే ప్రయత్నం చేస్తుంది. ఇంటి ఆదరణ సంగీతాన్ని బతికించింది. ఎవరి సంగీతం గౌరవంగా బతకాలో, ఎవరిది బయటే ఉండిపోవాలో కూడా చాలావరకు అదే నిర్ణయించింది. ఈ రెండు విషయాలనూ కలిపి చూసినప్పుడే ఈ చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

రాజకీయ నేపథ్యం ఒకసారి గుర్తు చేసుకుందాం. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. కాబట్టి మద్రాసు నగరం తెలుగు సంగీతకారులకు కూడా పెద్ద కేంద్రం. తెలంగాణ 1948 వరకు నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో భాగం. అక్కడి భూసంబంధాలు, గ్రామ వ్యవస్థ వేరు. పోషణ పద్ధతులు కూడా అందుకు తగినట్టే వేరుగా ఉన్నాయి.

2. గడప దగ్గర: ఉంఛవృత్తి, వారాలు, మధుకరం

ఇంటి ఆదరణకు అతి పాత రూపం భిక్ష. త్యాగరాజు (1767–1847) తిరువయ్యారు వీధుల్లో భజన చేస్తూ ఉంఛవృత్తితో జీవించాడని ఆయన శిష్య పరంపర చెబుతుంది. ఉంఛవృత్తి అంటే భగవన్నామం పాడుకుంటూ వీధుల్లో సాగిపోతూ, గృహస్థులు వేసిన గింజలతో ఆ పూట గడుపుకోవడం. తంజావూరు రాజు పిలిచినా ఆయన కొలువుకు వెళ్లలేదన్న కథ మీరు వినే ఉంటారు. ఆ కథను సాధారణంగా వైరాగ్యానికి ఉదాహరణగా చెబుతారు. చరిత్ర విద్యార్థి అందులో ఇంకొక సంగతి చూడాలి. రాజు కొలువును కాదనగలిగిన కళాకారుడి వెనక అతనికి పూట గడిపిపెట్టే వీధి ఒకటి ఉండాలి.

త్యాగరాజ సంప్రదాయం కృష్ణాతీరానికి చేరిన తీరు కూడా ఇళ్ల మీదుగానే సాగింది. త్యాగరాజు శిష్యుడైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి (1860–1917) ఆ బాణీని కృష్ణా జిల్లాకు తెచ్చారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883–1951) విజయవాడలో గురుకుల పద్ధతిలో ఎందరికో సంగీతం నేర్పారు. గురుకులం అంటే గురువు ఇల్లే. శిష్యుడు ఆ ఇంట్లో మనిషిలా మసలుతూ, ఇంటి పనులు చేస్తూ, గురువుగారి వెంట కచేరీలకు వెళుతూ నేర్చుకుంటాడు. చిన్నతనంలోనే పంతులుగారి దగ్గర చేరిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) విజయవాడలో జరిగిన ఆరాధనోత్సవంలో పసివయసులోనే నిండు కచేరీ చేసి పేరు తెచ్చుకున్నాడు. మురళీకృష్ణ అనే పేరు ముందు 'బాల' అని చేర్చినవారు హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్.

గురువు ఇంట్లో చోటు దొరకని విద్యార్థికి ఊరు ఆధారం. ఇక్కడ రెండు ఆచారాలను విడివిడిగా అర్థం చేసుకోవాలి. 'వారాలు చేసుకోవడం' అంటే వారంలో ఏడు రోజులు ఏడు ఇళ్లలో భోజనం చేయడం. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఇంకొక ఇల్లు. ఏ ఇంటికీ ఏడాది పొడుగునా భారం కాదు, విద్యార్థికి ఏ రోజూ పస్తు ఉండదు. 'మధుకరం' అంటే తేనెటీగ పువ్వు పువ్వు దగ్గరా కాస్త తేనె తీసుకున్నట్టు ఇంటింటికీ తిరిగి వండిన అన్నం తెచ్చుకోవడం.

విజయనగరం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల స్థాపించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరి తరువాత ప్రిన్సిపాల్ అయ్యారు. కళాశాల మహారాజుగారిది. అయినా అక్కడ చదువుకోవడానికి వచ్చిన పేద పిల్లల కడుపు నింపడంలో ఊరి ఇళ్లకు పెద్ద పాత్ర ఉంది. గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) సంగీతం కోసం విజయనగరం చేరి, కష్టకాలంలో ఇంటింటా మధుకరం ఎత్తుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు ప్రతిఫలం ఆశించకుండా విద్య చెప్పారు. తరువాతి కాలంలో తెలుగు సినిమా పాటకు మారుపేరైన గొంతును ఆ రోజు నిలబెట్టింది ఒక పేద గురువు, కొందరు గృహిణులు పెట్టిన పిడికెడు అన్నం.

ఇక్కడే ఒక పరిమితిని గుర్తించాలి. వారాలు, మధుకరం ప్రధానంగా బ్రాహ్మణ విద్యార్థులకు అందుబాటులో ఉన్న ఆచారాలు. అంతే ప్రతిభ, అంతే ఆకలి ఉన్న మరో కులం పిల్లవాడు ఆ గడపల ముందు నిలబడి అదే విధంగా అడిగే వీలు అప్పటి సమాజంలో దాదాపు లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
వారాలకూ మధుకరానికీ తేడా ఏమిటి? ఈ ఆచారాలు ఎవరికి అందుబాటులో ఉన్నాయి?

3. చావడిలో: డెల్టా సంపద, మేజువాణి

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువల కింద వరి సాగు పెరిగింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో జమీందార్లతో పాటు సంపన్న రైతులు, వ్యాపారులు, న్యాయవాదులతో కూడిన కొత్త వర్గం ఎదిగింది. ఇంట్లో పెళ్లి జరిగినా, ఒడుగు జరిగినా సంగీత నృత్యాలు ఏర్పాటు చేయడం ఆ వర్గానికి హోదాగా మారింది. అంతకుముందు సంస్థానానికే పరిమితమైన వేడుక ఇప్పుడు ఊరి మోతుబరి చావడిలోకి వచ్చింది.

ఈ ఇంటి వేడుకకు పేరు 'మేజువాణి'. ఆతిథ్యం అనే అర్థం గల పారసీక పదం ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి, అతిథుల కోసం ఏర్పాటు చేసే పాట, ఆట అనే అర్థంలో స్థిరపడింది. ఈ మాట పుట్టుకే ఈ కచేరీ స్వభావాన్ని చెబుతుంది. ఇక్కడ శ్రోత టిక్కెట్టు కొన్నవాడు కాదు, ఇంటికి వచ్చిన అతిథి. ఖర్చు గృహయజమానిది, ప్రతిష్ఠ కూడా ఆయనదే.

మేజువాణిలో పాడి ఆడినవారు కళావంతులు అనే వంశపారంపర్య కళాకారిణులు. తూర్పుగోదావరి, కోనసీమ గ్రామాల్లో ఈ కుటుంబాలు ఎక్కువగా ఉండేవి. వారి మేళంలో నాయకురాలు, తోడు పాడేవారు, మద్దెల, తాళం వాయించేవారు ఉండేవారు. వర్ణాలు, క్షేత్రయ్య పదాలు, జావళీలు వారి ప్రధాన సంపద. క్షేత్రయ్య పదం నిదానంగా నడుస్తుంది. ఒకే పంక్తిని పలు భావాలతో మళ్లీ మళ్లీ పట్టి, కనుబొమ్మ కదలికతో సైతం అర్థాన్ని మార్చి చూపే కళ అది. వెయ్యి మంది కూర్చున్న మైదానంలో అది అందదు. పదిహేను ఇరవై మంది దగ్గరగా కూర్చున్న చావడి దానికి సరైన చోటు. ఈ విధంగా ఇంటి కొలత ఆ కళ రూపాన్ని కూడా తీర్చిదిద్దింది.

సన్నాయి మేళం సంగతి ఇందుకు భిన్నం. పెళ్లి ముహూర్తానికి సన్నాయి లేకపోతే శుభం లేదు. అయినా మేళగాళ్ల స్థానం పందిట్లోనో వీధి అరుగు మీదో ఉండేది. చిలకలూరిపేట ప్రాంతంలో ముస్లిం కుటుంబాలు ఈ విద్యను తరతరాలుగా కాపాడాయి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా (1924–1999) ఆ సంప్రదాయం నుంచే ఎదిగి నాదస్వర విద్వాంసుడిగా దేశమంతటా గౌరవం పొందారు. హిందూ ఇళ్ల శుభకార్యాలు, దేవాలయ ఉత్సవాలు ముస్లిం విద్వాంసుల పోషణకు ఆధారమైన ఈ సంబంధం తెలుగు సమాజ చరిత్రలో ప్రత్యేకంగా గమనించదగినది.

4. ముంగిట్లో: తెలంగాణలో మిరాసీ కళలు

కోస్తాలో విద్యార్థి గడప ముందు నిలబడి అడిగాడు. తెలంగాణలో చాలామంది కథకులు అడగలేదు. తమకు రావలసింది తీసుకున్నారు. ఈ తేడా ముఖ్యమైనది.

తెలంగాణ గ్రామాల్లో అనేక కులాలకు తమ కులపురాణం చెప్పే 'ఆశ్రిత కులం' ఒకటి ఉంటుంది. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు ఇందుకు ఉదాహరణలు. వీరిలో కొందరు పొడవైన బట్ట మీద వరసగా చిత్రించిన పటాన్ని విప్పుతూ, బొమ్మ బొమ్మకూ కథ పాడతారు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలో ముందే పంచుకుని ఉంటారు. ఆ హక్కునే 'మిరాసీ' అంటారు. అది తండ్రి నుంచి కొడుకులకు పంపకాల్లో వస్తుంది. కథ చెప్పడం వారి హక్కు, చెప్పించుకుని ధాన్యమో డబ్బో ఇవ్వడం పోషక కులం బాధ్యత. అందుకోసం ఆ కులంలో ఇల్లిల్లూ తన వంతు వేస్తుంది.

ఒగ్గు కథ కూడా ఇంటి ముంగిట్లో ఎదిగిన కళే. కురుమ, యాదవ కుటుంబాల్లో మల్లన్న, బీరప్ప కొలుపు చేసేటప్పుడు ముంగిట్లో పందిరి వేసి, పసుపు, కుంకుమ, పిండి రంగులతో నేల మీద 'పట్నం' వేస్తారు. ఒగ్గు పూజారులు డోలు, తాళాలతో రాత్రంతా కథ నడుపుతారు. కొలుపు ఒక ఇంటిది, విన్నది వాడంతా. ఇక్కడ పూజ, కచేరీ వేరు వేరు కాదు.

మిరాసీ వ్యవస్థ కళాకారుడికి భద్రత ఇచ్చింది. కరువు రాకపోతే ఏడాదికి ఇంత వస్తుందని అతనికి తెలుసు. అయితే అదే వ్యవస్థ అతన్ని ఒక కులానికి కట్టివేసింది. డక్కలి కథకుడు ఎంత గొప్పవాడైనా అతని శ్రోతలు ఎవరో పుట్టుకతోనే నిర్ణయమైపోయేది. కులవృత్తులు దెబ్బతిని పోషక కులాలవారు పట్నాలకు వలస వెళ్లినప్పుడు ఆ నష్టం ముందుగా తగిలింది ఈ ఆశ్రిత కుటుంబాలకే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
మేజువాణి, మిరాసీ – ఈ రెండింటిలో కళాకారుడికి, పోషకుడికి మధ్య ఉన్న సంబంధాన్ని పోల్చండి.

5. కళాకారిణి సొంత ఇంట్లో: వీణ ధనమ్మాళ్ శుక్రవారాలు

ఇంతవరకు మనం పోషకుడి ఇంటికి కళాకారుడు వెళ్లిన సందర్భాలు చూశాం. మద్రాసులో దీనికి తలకిందులైన ఒక ఉదాహరణ ఉంది. వీణ ధనమ్మాళ్ (1867–1938) తంజావూరు దేవదాసీ వంశానికి చెందిన వైణికురాలు. ఆమె మద్రాసు జార్జిటౌనులోని తన ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వీణ వాయిస్తూ పాడేది. నగరంలోని పేరున్న విద్వాంసులు, రసికులు ఆ ఇంటికే వచ్చి వినేవారు. మైకు లేని గది. వీణ నాదం చిన్నది. అందువల్ల శ్రోతలు నిశ్శబ్దంగా ఉండక తప్పేది కాదు. ఆ నిశ్శబ్దాన్ని ఆమె కచ్చితంగా కోరేదని కూడా ప్రసిద్ధి.

ఈ శుక్రవారాలకు తెలుగు సంగీత చరిత్రతో సూటి సంబంధం ఉంది. కృష్ణా జిల్లా మొవ్వతో ముడిపడిన క్షేత్రయ్య పదాలు, తెలుగు జావళీలు ఆమె బాణీకి ప్రాణం. తమిళం మాట్లాడే నగరంలో ఒక మహిళ ఇంట్లోని గది తెలుగు పదానికి ఆశ్రయమైంది. ఆ సంపద ఆమె మనుమరాళ్లు టి. బృంద, టి. ముక్త, నర్తకి టి. బాలసరస్వతి (1918–1984) ద్వారా తరువాతి తరాలకు అందింది.

పోషణ చరిత్ర దృష్టితో చూస్తే ఇక్కడ రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, ఇల్లు ఆమెది కాబట్టి నియమాలు కూడా ఆమెవే. ఏది వాయించాలో, ఎంతసేపు వాయించాలో పోషకుడు చెప్పలేడు. రెండవది, ఈ స్వేచ్ఛకు తగిన ఆదాయం లేదు. ఎంత గౌరవం పొందినా ఆమె జీవితం ఆర్థిక ఇబ్బందులతోనే గడిచింది. రసికుల మెప్పు ఎంత ఉన్నా, దానికి ఒక క్రమమైన ఆర్థిక రూపం లేకపోతే కళాకారుల బతుకు గడవదన్న సంగతి ఈ ఉదాహరణ వల్ల తెలుస్తుంది.

6. పందిరి నుంచి సభకు

19వ శతాబ్ది చివర పట్టణాల్లో కొత్త పద్ధతి మొదలైంది. ఒక్క యజమాని బదులు వీధి అంతా కలిసి ఖర్చు భరించడం. శ్రీరామనవమి పందిళ్లు, గణపతి, దసరా నవరాత్రులు, భజన సమాజాలు ఇందుకు తొలి వేదికలు. హరికథ ఈ పందిళ్లకు చక్కగా అమరింది. కథ, పాట, చతురోక్తి, నాట్యం అన్నీ ఒక్క మనిషి నడపగలడు కాబట్టి ఖర్చు తక్కువ. పందిరి బహిరంగం కాబట్టి వినేవారికి ఆహ్వానం అక్కరలేదు. ఇంట్లో అడుగుపెట్టే అర్హత లేనివారు కూడా పందిరి అంచున నిలబడి నారాయణదాసు వంటివారి సంగీతం వినగలిగారు.

రైలు ఈ మార్పును వేగవంతం చేసింది. 1899లో విజయవాడకు మద్రాసుతో రైలు సంబంధం ఏర్పడింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన ప్రారంభమైంది. మద్రాసు విద్వాంసుడు కాకినాడలో కచేరీ చేసి వారంలోపు తిరిగి వెళ్లడం సాధ్యమైంది. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో మొదలైన కాకినాడ సరస్వతీ గానసభ దసరా ఉత్సవాలకు దక్షిణాది విద్వాంసులు రావడం గొప్ప గౌరవంగా భావించేవారు. మద్రాసులో 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది.

గానసభ ఇంటి ఆదరణకు సంస్థ రూపం ఇచ్చింది. సభ్యత్వ రుసుము, కార్యవర్గం, లెక్కలు, ముందుగా అచ్చువేసిన కార్యక్రమం వచ్చాయి. కళాకారుడికి ఇంత పారితోషికం అని ముందే మాట్లాడుకునే వీలు కలిగింది. అయినా ఇల్లు పూర్తిగా తప్పుకోలేదు. బయటి ఊరి విద్వాంసుడికి బస, భోజనం, మర్నాటి ప్రయాణం ఏర్పాట్లు కార్యవర్గ సభ్యుల ఇళ్లలోనే జరిగేవి. సభ ఆదాయం చాలనప్పుడు ఆ లోటు పూడ్చింది కూడా ఈ కనపడని ఆతిథ్యమే. దాని భారం ఎక్కువగా మోసింది ఆ ఇళ్ల స్త్రీలు. సభ నివేదికల్లో వారి పేర్లు కనిపించడం అరుదు.

7. మూసుకున్న తలుపు: మేజువాణి ముగింపు

సభ ఎదుగుతున్న కాలంలోనే మేజువాణి క్షీణించింది. కందుకూరి వీరేశలింగం (1848–1919) తన పత్రిక 'వివేకవర్ధని' ద్వారా శుభకార్యాల్లో భోగం మేళాలు పెట్టించడాన్ని తీవ్రంగా విమర్శించారు. 1893లో మద్రాసు సంఘ సంస్కర్తలు ఇటువంటి వేడుకలకు హాజరు కావద్దని గవర్నరును, వైస్రాయిని కోరారు. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి శాసనమండలిలో చేసిన కృషి ఫలితంగా బాలికలను దేవాలయాలకు అంకితం చేసే ఆచారంపై ఒత్తిడి పెరిగి, చివరకు 1947లో మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం వచ్చింది.

సంస్కర్తల వాదంలో బలం ఉంది. చిన్నపిల్లల జీవితాన్ని వారి ఇష్టంతో పనిలేకుండా నిర్ణయించే ఆచారాన్ని ఎవరూ సమర్థించలేరు. ఆ సమాజం నుంచే వచ్చిన యామినీ పూర్ణతిలకం వంటివారు సంస్కరణ కోసం పనిచేశారు. అదే సమయంలో బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) వంటివారు, తమ విద్యను, ఆస్తిహక్కును, గౌరవాన్ని ఒక్క కలంపోటుతో తీసివేయవద్దని వాదించారు. త్యాగరాజ సమాధి వద్ద స్త్రీలు పాడకూడదన్న కట్టుబాటు ఉన్న రోజుల్లో నాగరత్నమ్మ తన సంపాదనతో ఆ సమాధికి మందిరం కట్టించి, స్త్రీల కోసం వేరే ఆరాధన నడిపించింది. చివరకు 1940 ప్రాంతంలో వేర్వేరు వర్గాలు కలిసినప్పుడు స్త్రీలకు అక్కడ పాడే అవకాశం దక్కింది.

చట్టం దురాచారాన్ని నిషేధించింది. కానీ ఆ విద్యతో బతికిన స్త్రీలకు ప్రత్యామ్నాయ వేదిక చూపలేదు. నిన్నటిదాకా చావడికి పిలిచిన ఇళ్లు ఇప్పుడు మొహం తిప్పుకున్నాయి. వారు పాడిన పదాలు, జావళీలు మాత్రం గౌరవనీయమైన కుటుంబాల అమ్మాయిల ద్వారా సభావేదిక మీదికి చేరాయి. కోనసీమ, తూర్పుగోదావరి గ్రామాల్లో వృద్ధ కళావంతులు 20వ శతాబ్ది చివరి వరకు తమ పాటలను నాలుగు గోడల మధ్య తమకోసం తాము పాడుకున్న సంగతిని పరిశోధకులు నమోదు చేశారు. ఒకప్పుడు అతిథుల కోసం జరిగిన ఇంటి కచేరీ శ్రోతలు లేని ఇంటి పాటగా మిగిలింది. పాటను ఉంచుకుని పాడినవారిని వదిలేసిన ఈ పరిణామం సంగీత పోషణ చరిత్రలో మనం తప్పించుకోలేని ప్రశ్న.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
మేజువాణి క్షీణతకు సంస్కరణోద్యమం ఒక్కటే కారణమా? గానసభల ఎదుగుదలతో కలిపి చర్చించండి.

8. సంస్థానాల తరువాత

1948లో వచ్చిన మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ముగిశాయి. పెద్ద పోషకులు తెరమరుగయ్యారు. ఆ ఖాళీని కొంతవరకు ప్రభుత్వం పూరించింది. 1938లో మద్రాసులో, 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆలిండియా రేడియో కేంద్రాలు మొదలయ్యాయి. నిలయ విద్వాంసులకు నెల జీతం వచ్చింది. విజయవాడలో ఏర్పడిన ప్రభుత్వ సంగీత కళాశాలకు బాలమురళీకృష్ణ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఇప్పుడు ఆ కళాశాలకు ఘంటసాల పేరు ఉంది. ఒకప్పుడు మధుకరం ఎత్తిన విద్యార్థి పేరు మీద ప్రభుత్వ కళాశాల నిలబడటం పోషణ పద్ధతి ఎంత మారిందో చూపే గుర్తు.

రేడియో కచేరీని మళ్లీ ఇంట్లోకి తెచ్చింది. అయితే ఈసారి కళాకారుడు ఇంట్లో లేడు. విన్నవారు సంభావన ఇవ్వనక్కరలేదు, అన్నం పెట్టనక్కరలేదు. శ్రోతల సంఖ్య పెరిగింది, శ్రోతకు కళాకారుడితో ఉన్న బాధ్యతాబంధం సడలింది. రేడియో ఎంపికలో నెగ్గినవారికి మేలు జరిగింది. నెగ్గనివారికి పాత ఇళ్లు కూడా క్రమంగా దూరమయ్యాయి.

9. విశ్లేషణ: ఎక్కడ కూర్చోబెట్టారు?

ఇంతవరకు చూసిన ఉదాహరణలను ఒక్క ప్రశ్నతో కలిపి చూడవచ్చు. ఆ ఇంట్లో కళాకారుడి చోటు ఎక్కడ? మధుకరం ఎత్తే విద్యార్థి గడప దగ్గర. కళావంతులు చావడిలో. సన్నాయి మేళం అరుగు మీద. ఒగ్గు కథకులు ముంగిట్లో. ధనమ్మాళ్ తన సొంత గదిలో. హరిదాసు వీధి పందిట్లో. ఈ చోటు యాదృచ్ఛికం కాదు. కులం, లింగం, వృత్తి గౌరవం అన్నీ కలిసి ఆ చోటును నిర్ణయించాయి.

ఇంటి ఆదరణకు మూడు బలాలు ఉన్నాయి. అది తక్కువ ఖర్చుతో నడుస్తుంది. చిన్న కళలకు, నెమ్మదైన పాటకు సరిపోతుంది. శ్రోతకు కళాకారుడితో ముఖపరిచయం కలిగిస్తుంది. దానికి మూడు బలహీనతలు కూడా ఉన్నాయి. ఆదాయం నిలకడ లేనిది. పిలుపు యజమాని ఇష్టం మీద ఆధారపడుతుంది. తలుపు అందరికీ ఒకే విధంగా తెరుచుకోదు. సభ, రేడియో, కళాశాల ఈ బలహీనతల్లో కొన్నిటిని సరిచేశాయి. ఆ క్రమంలో కొన్ని బలాలను పోగొట్టుకున్నాయి.

10. నేటి ఇంటి కచేరీలు

ఇటీవలి కాలంలో హైదరాబాదు, విశాఖపట్నం, చెన్నై వంటి నగరాల్లో మైకు లేకుండా, ముప్పై నలభై మంది శ్రోతలతో ఇళ్లలో కచేరీలు జరిపే ఆసక్తి మళ్లీ కనిపిస్తోంది. పెద్ద సభలో అవకాశం దొరకని యువ కళాకారులకు ఇది ఒక మెట్టు. విదేశాల్లోని తెలుగువారు కూడా ఇదే బాటలో ఉన్నారు. అమెరికాలో 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన వంటి ఉత్సవాలు స్వచ్ఛంద సేవకుల శ్రమతో, చందాలతో ఎదిగాయి. భారతదేశం నుంచి వెళ్లిన విద్వాంసులకు అభిమానుల ఇళ్లే తరచుగా విడిది, అక్కడి ముందుగదే వేదిక.

ఈ కొత్త ప్రయత్నాలకు చరిత్ర నుంచి రెండు సూచనలు అందుతాయి. మెప్పుతో పాటు ముందే మాట్లాడుకున్న పారితోషికం ఉండాలి. ధనమ్మాళ్ జీవితం చెప్పేది ఇదే. కర్ణాటక సంగీతానికే కాక ఒగ్గు కథకుడికీ, పటం కథకుడికీ, సన్నాయి విద్వాంసుడికీ అదే గదిలో, అదే చాప మీద చోటు ఉండాలి. ఆ ఒక్క మార్పు చేయకపోతే నేటి ఇంటి కచేరీ కూడా పాత గడపనే కాపాడినట్టవుతుంది.

సారాంశం

తెలుగు ప్రాంతాల్లో సంగీత పోషణ రాజాస్థానాలకే పరిమితం కాలేదు. వారాలు, మధుకరం ద్వారా విద్యార్థులను, మేజువాణి ద్వారా కళావంతులను, మిరాసీ ద్వారా ఆశ్రిత కులాల కథకులను గృహస్థులు పోషించారు. ఆనకట్టలు తెచ్చిన సంపద, రైలు మార్గాలు, పట్టణ మధ్యతరగతి ఎదుగుదల కారణంగా ఇంటి కచేరీ క్రమంగా గానసభగా మారింది. సంస్కరణోద్యమం, చట్టాలు మేజువాణిని ముగించాయి. కానీ ఆ కళాకారిణులకు కొత్త వేదిక ఇవ్వలేదు. జమీందారీల రద్దు తరువాత రేడియో, కళాశాలలు పోషణ బాధ్యతను కొంతవరకు తీసుకున్నాయి. ఈ మొత్తం క్రమంలో ఇంటి ఆదరణ కళను బతికిస్తూనే, ఎవరి కళకు గౌరవం దక్కాలో కూడా నిర్ణయించింది.

కీలక పదాలు

ఉంఛవృత్తి: భగవన్నామం పాడుతూ వీధుల్లో తిరిగి, లభించిన గింజలతో జీవించడం.
వారాలు: విద్యార్థి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం చేసే ఏర్పాటు.
మధుకరం: ఇంటింటా కొంచెం కొంచెంగా వండిన అన్నం తెచ్చుకోవడం.
మేజువాణి: అతిథుల కోసం ఇంట్లో ఏర్పాటు చేసే సంగీత నృత్య వేడుక.
మిరాసీ: నిర్దిష్ట గ్రామాల్లో కథ చెప్పి ప్రతిఫలం పొందే వంశపారంపర్య హక్కు.
సంభావన: విద్వాంసుడికి గౌరవపూర్వకంగా ఇచ్చే కానుక.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. తెలుగు ప్రాంతాల్లో ఇంటి ఆదరణ రూపాలను ఉదాహరణలతో వివరించండి.
2. ఇంటి కచేరీ నుంచి గానసభకు జరిగిన మార్పును, దాని ఆర్థిక, సామాజిక కారణాలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. వీణ ధనమ్మాళ్ శుక్రవారం కచేరీల ప్రత్యేకత ఏమిటి?
2. రేడియో రాకతో శ్రోతకు, కళాకారుడికి మధ్య సంబంధం ఎలా మారింది?

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊళ్లో 70 ఏళ్లు దాటిన ఇద్దరు పెద్దలతో మాట్లాడండి. వారి చిన్నతనంలో ఎవరింట్లో పాటలు, కథలు జరిగేవో, పాడినవారు ఎక్కడ కూర్చునేవారో, వారికి ఏమి ఇచ్చేవారో, ఎవరు వినడానికి రాగలిగేవారో, ఎవరు రాలేకపోయేవారో అడిగి రాసుకోండి. పాత పెళ్లి శుభలేఖలు, ఉత్సవ కరపత్రాలు, చందా పుస్తకాలు దొరికితే వాటిని కూడా ఆధారాలుగా ఉపయోగించి రెండు పేజీల నివేదిక తయారు చేయండి.